వరదకు బతికి... పొక్లెయిన్‌కు బలి

2023 జూలై రెండో వారం. హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఔట్ దగ్గర యాభై ఏళ్ల నాటి వంతెనను ఊడ్చుకుపోయింది. మండీలో పంచవక్త్ర మహాదేవుడి గుడి పీకల్లోతు మునిగి, ఎలాగో నిలబడింది. కార్లు, ఇళ్లు, దుంగలు కలిసి కొట్టుకుపోతున్న దృశ్యాలు మన టీవీల్లో రోజంతా తిరిగాయి. సరిగ్గా అవే రోజుల్లో, జూలై 10, 11 తేదీల్లో, అమెరికా ఈశాన్య మూలన ఉన్న వెర్మాంట్ రాష్ట్ర రాజధాని మాంట్‌పీలియర్ బజారు కూడా నీళ్లలోనే ఉంది. విన్యూస్కీ నది ఊళ్లోకి వచ్చేసింది.

ఈ రెండు చోట్లకూ పోలికలు చాలానే ఉన్నాయి. రెండూ కొండల మధ్య ఇరుకు లోయలు. నది పక్కనే రోడ్డు, రోడ్డు పక్కనే ఊరు. రెండు చోట్లా నదిలో ట్రౌట్ ఉంటుంది. గాలం పట్టుకుని దాని కోసమే దూరాల నుంచి వచ్చేవాళ్లూ, వాళ్ల మీద బతికే గైడ్లూ, చిన్న చిన్న బసలూ ఉంటాయి. వరద తగ్గాక ఎన్ని ఇళ్లు పోయాయో, ఎన్ని వంతెనలు పోయాయో లెక్క తేలుతుంది. ఇంత ప్రళయంలో ఆ చేప ఏమైందో అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

చేపకు వరదేమిటని మనకు అనిపించడం సహజమే. గోదావరికి ఎర్రనీరు తగిలితే మనకు పులస జ్ఞాపకం వస్తుంది. పుస్తెలమ్మి అయినా తినాలనే చేప ఆ నీటికి ఎదురీదే వస్తుంది. అంటే మన అనుభవంలో వరద చేపను తెచ్చేదే తప్ప చంపేది కాదు. కానీ అది సముద్రానికి దగ్గరలో, చదును నేల మీద, విశాలంగా పారే నది. కొండవాగు సంగతి వేరు. అక్కడ వరద వస్తే నీటితో పాటు రాళ్లు కూడా ప్రయాణం కడతాయి. అడుగున బండలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ దొర్లే చప్పుడు ఒడ్డున ఇళ్లలోకి వినిపిస్తుంది. జానెడు చేప ఆ రాళ్ల మధ్య బతకాలి.

బతుకుతుంది. ఈ కథలో మొదటి ఆశ్చర్యం అదే.

ట్రౌట్ సాల్మన్ కుటుంబపు చేప. చల్లటి నీళ్లు, నిండా ప్రాణవాయువు లేనిదే బతకదు. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది, 25 దగ్గరికొస్తే ప్రాణాల మీదికి వస్తుంది. ఇంత సుకుమారమైన జీవి వరదలో మాత్రం భలే తెలివిగా మసలుకుంటుంది. నది నడిమధ్య నీరు ఎంత ఉరవడిగా ఉన్నా గట్టు వారన, మునిగిన పొదల్లో, పెద్ద బండ వెనక, పక్కవాగు మూతి దగ్గర నెమ్మదైన చోట్లు కొన్ని దొరుకుతాయి. పెద్ద చేపలు అక్కడికి జరిగిపోతాయి. పొలాల్లోంచి కొట్టుకొచ్చిన వానపాములు దొరికితే తింటాయి కూడా. చచ్చేవి చావక మానవు. ఒండ్రు మొప్పలకు పట్టేసి కొన్ని, రాళ్ల కింద నలిగి కొన్ని, నీరు తీసినప్పుడు పొలాల గుంటల్లో చిక్కుకుపోయి కొన్ని పోతాయి. అయినా జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోవడం చాలా అరుదు.

వరద ఏ నెలలో వచ్చింది?

అసలు దెబ్బ పిల్లలకు, గుడ్లకు. ఆడ ట్రౌట్ నది అడుగున గులకరాళ్లలో తోకతో గుంట చేసి గుడ్లు పెడుతుంది. పైన మళ్లీ రాళ్లే కప్పుతుంది. ఆ రాళ్ల సందుల్లోంచి నీరు పారుతూ ఉంటేనే గుడ్డుకు ఊపిరి. రాళ్లు దొర్లినా, సందుల్లో బురద నిండినా ఆ ఏడాది పంట పోయినట్టే. అందుకే వరద ఎంత పెద్దదన్న లెక్క కంటే అది ఏ నెలలో వచ్చిందన్న లెక్కే ముఖ్యం.

కాలిఫోర్నియా సియెర్రా నెవాడా కొండల్లో సేజ్‌హెన్ అనే చిన్న వాగు ఉంది. అక్కడ 1950లలో ఏళ్ల తరబడి చేపల్ని లెక్కపెట్టిన సమాచారంతో సీగ్రిస్ట్, గార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1972లో ఒక వ్యాసం ప్రచురించారు. ఆ వాగులో బ్రూక్ ట్రౌట్ శరదృతువులో గుడ్లు పెడుతుంది, రెయిన్‌బో ట్రౌట్ వసంతంలో పెడుతుంది. చలికాలంలో వరద వచ్చిన ఏడాది బ్రూక్ ట్రౌట్ పిల్లలు కరువయ్యాయి. వసంతంలో వచ్చిన ఏడాది రెయిన్‌బో పిల్లలు కరువయ్యాయి. ఒక రకానికి పట్టిన శని రెండో రకానికి వరమైంది. పోటీ తగ్గింది, తిండి మిగిలింది, బతికిన పిల్లలు బలంగా ఎదిగాయి. ఆ వాగులో ఏ ట్రౌట్‌ది పైచేయి అన్నది వరద తేదీయే తేల్చింది.

ఇదే క్యాలెండర్‌ను బియాస్ పారే కులు లోయకు తెచ్చి చూస్తే ముచ్చటగా ఉంటుంది. బ్రౌన్ ట్రౌట్ మన చేప కాదు. స్కాట్లాండ్ నుంచి ఓడలో వచ్చిన గుడ్లతో 1900లో కశ్మీర్‌లో దాని పెంపకం మొదలైంది. అక్కడి నుంచి 1909లో కులుకు వచ్చింది, తెచ్చింది ఇంగ్లిష్ దొరలు. వాళ్ల ఊళ్లో ఉన్నట్టు ఇక్కడా ఆదివారం పూట గాలం వేసుకోవడానికి ఒక చేప కావాలి, అంతే. వాళ్లు వెళ్లిపోయారు, చేప ఉండిపోయింది. ఎందుకుండిపోయిందో చూడండి. అది అక్టోబరు దాటాక గుడ్లు పెడుతుంది. వసంతానికి పిల్లలు పైకి వస్తాయి. రుతుపవనాల వరద వచ్చే జూలై, ఆగస్టు నాటికి ఆ పిల్లలకు ఈత వచ్చేసి ఉంటుంది. మన వానాకాలాన్ని ముందే లెక్కగట్టి గుడ్లు పెడుతోందా అన్నట్టు కుదిరింది ఆ పరాయి చేపకు. అంతకు ముందు నుంచీ అక్కడున్న అసలు హిమాలయ చేప అస్లా. ఇంగ్లిష్‌వాళ్లు దాన్ని స్నో ట్రౌట్ అన్నారు గానీ అది ట్రౌట్ కాదు, మన బొచ్చె, రాగండిలకు దూరపు చుట్టం. దాని గురించి ఎవరూ పెద్దగా రాయరు, నేనూ రెండు వాక్యాలతో దాటిపోతున్నాను.

ఐరీన్ నేర్పిన పాఠం

2023 వరద నాటికి వెర్మాంట్ పాఠం ఒకటి నేర్చుకుని ఉంది. అది పన్నెండేళ్ల ముందు, 2011 ఆగస్టు 28న, ఐరీన్ తుపాను మిగిల్చినది. ఆ ఒక్కరోజు కొన్ని చోట్ల 20 సెంటీమీటర్ల పైచిలుకు వాన పడింది. 13 ఊళ్లకు దారి తెగిపోయింది. హెలికాప్టర్లలో తిండి, మందులు దించారు. విలియమ్స్ నది మీద 1870లో కట్టిన బార్టన్స్‌విల్ చెక్క వంతెన ఒరిగి నీళ్లలో కలిసిపోవడం వీడియోలో లోకమంతా చూసింది. వెర్మాంట్ పెద్దలు అంతకు ముందు వరదంటే 1927 నవంబరుదే చెప్పుకునేవాళ్లు. ఆనాడు 84 మంది చనిపోయారు, వాళ్లలో రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ కూడా ఉన్నారు. 1,285 వంతెనలు పోయాయి. ఐరీన్‌ను వాళ్లు ఆ వరద సరసన చేర్చారు.

నీరు తగ్గింది. పొక్లెయిన్లు, బుల్డోజర్లు నదుల్లోకి దిగాయి. మొదటి కొన్ని రోజులు అది తప్పనిసరి. ఊరికి దారి లేనప్పుడు, అంబులెన్స్ రాలేనప్పుడు, నదిలోంచి రాళ్లు తీసి రోడ్డు కట్టడాన్ని ఎవరూ తప్పు పట్టలేరు, పట్టకూడదు. అప్పుడు చేప సంగతి ఎత్తితే ఎత్తినవాడికే బుద్ధి లేదంటారు. అయితే రోడ్డు పడ్డాక కూడా యంత్రాలు నదిలోంచి ఎక్కలేదు. నదిని లోతు చేస్తే, తిన్నగా చేస్తే, బండలు తీసేస్తే మళ్లీ వరద రాదని జనం నమ్మారు. అధికారులు కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నారు. వంకరలు పోయాయి. మడుగులు పూడిపోయాయి. బండలన్నీ గట్ల మీదికి చేరాయి. నది అడుగు ఒకే మట్టంగా, వెడల్పుగా, చీలమండ లోతు నీటితో, నీడ లేకుండా తయారైంది.

ఆ రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖ మరుసటి ఏడాది ఒక నివేదిక ఇచ్చింది. ఇలా వరద తర్వాత యంత్రాలు పాడు చేసిన వాగులు, ఏర్లు కలిపి దాదాపు 77 మైళ్లు, అంటే సుమారు 124 కిలోమీటర్లు. ఇక చేపల సంగతి. యంత్రం జోలికిపోని చోట్ల ట్రౌట్ సంఖ్య వరదకు ముందున్న దానిలో 33 నుంచి 58 శాతం దాకా మిగిలింది. అంటే వరద సగమో, అంతకు ఇంకొంచెం ఎక్కువో తీసుకుపోయింది. చిన్న దెబ్బ కాదు. కానీ ఆ రాష్ట్రంలో పాత వరదల తర్వాత చేసిన లెక్కల ప్రకారం ఇలాంటి చోట్ల ట్రౌట్ రెండు నుంచి నాలుగేళ్లలో మళ్లీ కోలుకుంటుంది. పక్కనే న్యూయార్క్ రాష్ట్రంలో ఎసోపస్ ఏటిలో పది, పదకొండు నెలలకే మొత్తం చేపల గుంపు కోలుకుందని శాస్త్రవేత్తలు రాశారు. ట్రౌట్ రెండేళ్లకే గుడ్లు పెట్టే వయసుకొస్తుంది, ఒక్కో ఆడచేప వందల్లో పెడుతుంది. నది అలాగే ఉంటే చేపకు అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

నది అలాగే లేకపోతే? వరద కూడా నదిని మారుస్తుంది. ఒక మడుగును పూడ్చి పది బారల దూరంలో మరొకటి తవ్వుతుంది. గులకరాళ్లలో ఏళ్లుగా పేరుకున్న బురదను కడిగేస్తుంది. చెట్లను కూల్చి నీళ్లలో పడేస్తుంది. ఆ చెట్టు కింద నీడ, లోతు, దాక్కునే చోటు, పురుగులు, అన్నీ చేపకే. పొక్లెయిన్ చేసే మార్పు వేరు. అది తీసుకోవడమే తప్ప ఇవ్వడం ఎరగదు. తిన్నగా చేసిన నదిలో నీటి వేగం పెరుగుతుంది, అడుగు కోసుకుపోతుంది, గట్లు కూలతాయి, కింది ఊరికి వరద ఇంకాస్త త్వరగా, ఇంకాస్త కోపంగా చేరుతుంది. చేప సంగతి అటుంచి, మనిషికి కూడా లాభం లేని పని అది. మళ్లీ ఆ నది తన వంకరలు తాను వేసుకుని, బండలు పేర్చుకుని, చెట్లు పెంచుకునే దాకా దశాబ్దాలు పడుతుంది.

ఇందులో నెలల లెక్క ఇంకో మెలిక వేసింది. ఐరీన్ వచ్చింది ఆగస్టు చివర. అప్పటికి కంకరలో గుడ్లు లేవు, వసంతంలో పుట్టిన పిల్లలకు వేలెడు పొడవు వచ్చింది. ఒక విధంగా వరద మంచి నెలే చూసుకుని వచ్చింది. కానీ యంత్రాలు సెప్టెంబరు, అక్టోబరుల్లో పని చేశాయి. బ్రూక్ ట్రౌట్, బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టేది సరిగ్గా అక్టోబరు, నవంబరులో!

వెర్మాంట్ ఇది తప్పని ఒప్పుకుని, కాగితం మీద పెట్టింది. 2012లో చేసిన 138వ చట్టం అత్యవసర పనులకు కూడా నియమాలు రాసింది. నదిలో ఎంత దాకా తవ్వొచ్చు, ఎవరికి చెప్పాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తేలింది. రోడ్ల శాఖ సిబ్బందిని, యంత్రాలు నడిపేవాళ్లను కూర్చోబెట్టి నది ఎలా ప్రవహిస్తుందో పాఠాలు చెప్పే శిక్షణ పెట్టారు. చట్టం కంటే నాకు ఈ శిక్షణే గొప్పగా అనిపిస్తుంది. నది బతుకు చివరికి ఆ సీట్లో కూర్చున్న డ్రైవరు చేతిలో ఉంటుంది కదా.

ఇంకో సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. వైట్ నది ఎగువన, అడవిశాఖ రోడ్ల కింద, ఐరీన్‌కు ముందే కొన్ని కల్వర్టులను బ్రూక్ ట్రౌట్ అటూ ఇటూ ఈదడానికి వీలుగా కొత్తగా కట్టారు. ఇరుకు గొట్టం కాకుండా, వాగు వెడల్పు ఎంతో అంత, అడుగున సహజమైన రాళ్లతోనే. ఇంత చేపకు అంత ఖర్చా అన్న మాట అప్పుడు రాకుండా ఉండదు. ఐరీన్ వచ్చినప్పుడు పాత గొట్టపు కల్వర్టులు ఎన్నో రోడ్లతో సహా కొట్టుకుపోయాయి. చేప కోసం కట్టినవి చెక్కుచెదరలేదు. చేపకు దారి ఇచ్చిన చోట వరదకూ దారి దొరికింది.

తొట్టిలో చేప, గాలం పట్టిన మనిషి

వరదలో ఒక వింత జరుగుతుంది. నదిలో ఉన్న అడవిచేప బతుకుతుంది, ప్రభుత్వం తొట్లలో కాపాడే చేప పోతుంది. 1891 నుంచి నడుస్తున్న రాక్స్‌బరీ హేచరీని ఐరీన్ ధ్వంసం చేసింది. బెథెల్ ఊళ్లో కేంద్ర ప్రభుత్వ హేచరీ మీదికి వైట్ నది ఎక్కింది. అక్కడ అట్లాంటిక్ సాల్మన్ తల్లిచేపలు ఉండేవి. కనెక్టికట్ నదికి సాల్మన్‌ను మళ్లీ తేవాలని దశాబ్దాలుగా చేసిన ప్రయత్నం నుంచి 2012లో కేంద్ర శాఖ తప్పుకుంది. దానికి వేరే కారణాలు చాలా ఉన్నా, ఆ వరద ఒక కారణం. తొట్టిలో చేపకు గట్టు వారకు జరిగే వీలు లేదు. నీరొచ్చే కాలువ బురదతో పూడుకుంటే కాసేపట్లోనే ఊపిరాడక పోతుంది. కులు లోయలో ఒడ్డున సిమెంటు తొట్లు కట్టుకుని రెయిన్‌బో ట్రౌట్ పెంచే రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్లకు వరదంటే ఒక్క రాత్రిలో అప్పుగా మారే పంట.

గాలం వేసేవాళ్లకు మాత్రం వరద వల్ల పోయేది ఇంకొకటి: జ్ఞాపకం. ఏ బండ వెనక, ఏ వేరు కింద, ఏ పొద్దున పెద్ద చేప నిలబడుతుందో తెలియడమే వాళ్ల విద్య. ఒక్క రోజుతో ఆ పటం చెల్లదు. మంచి గైడ్లు మొదటి ఏడాది గాలం కంటే కాళ్లకే ఎక్కువ పని చెబుతారు, ఒడ్డు పొడవునా నడిచి నదిని కొత్తగా చదువుకుంటారు. రాళ్ల కింద పురుగులు మళ్లీ చేరాయా అని చూస్తారు. అవి చేరితే చేపకు తిండి ఉన్నట్టు. మరి వరద తర్వాత చేప పట్టొచ్చా? పట్టొచ్చు గానీ, పట్టింది వదిలేయాలని నేనంటాను. మిగిలిన సగం చేపలే రేపటి గుడ్లు. హేచరీ నుంచి తెచ్చి నదిలో గుమ్మరించే చేపలు గాలం వేసేవాళ్లకు ఓదార్పే తప్ప, నదికి వాటి అవసరం పెద్దగా ఉండదు. నదిలో చోటుంటే అడవిచేప తనంతట తానే నింపుకుంటుంది.

చోటు లేకపోతే వరద కూడా అక్కర్లేదు. వెర్మాంట్‌లోనే బ్యాటెన్‌కిల్ అనే పేరుమోసిన ట్రౌట్ నది ఉంది. దాని ఒడ్డు ప్రాంతమైన మాంచెస్టర్‌లోనే 1856లో ఆర్విస్ అనే గాలాల కంపెనీ పుట్టింది. 1990లలో అక్కడ బ్రౌన్ ట్రౌట్ తగ్గిపోయింది. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే నదిలో చేప దాక్కునే చోటు లేదు. పడిన చెట్లను జనం ఎప్పటికప్పుడు శుభ్రంగా తీసేస్తూ వచ్చారు. తర్వాత వాళ్లే దుంగలు, బండలు తెచ్చి మళ్లీ నదిలో వేశారు.

మళ్లీ బియాస్ దగ్గరికి

తెలుగువాళ్లకు బియాస్ అనగానే 2014 జూన్ 8 గుర్తుకొస్తుంది. లార్జీ డ్యామ్ నుంచి ఒక్కసారిగా వదిలిన నీటిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ రోజు వాన లేదు. అది ఆకాశం తెచ్చిన వరద కాదు, గేటు తెచ్చిన వరద. చేప కోణం నుంచి చెప్పుకోవాలంటే మనసొప్పదు గానీ, ఆ నదిలో చేపకు రోజువారీ గండం కూడా అదే. నీరు హఠాత్తుగా పెరుగుతుంది, హఠాత్తుగా తగ్గుతుంది, గట్టు వారన ఉన్న పిల్లలు రాళ్ల మధ్య ఆరిపోతాయి. జలాశయం అడుగు బురదను ఒక్కసారి వదిలితే కింద మైళ్ల దూరం కంకర సందులు మూసుకుపోతాయి. దీనికి తోడు కొండ చెక్కి నాలుగు వరసల రోడ్డు వేస్తూ ఆ మట్టిని నదిలోకి దొర్లించడం ఒకటి.

అదే లోయలో బంజార్ వైపు తీర్థన్ నది ఉంది. దాని మీద డ్యామ్ లేదు. అక్కడ వరసగా చిన్న జలవిద్యుత్ ప్రాజెక్టులు రావాల్సి ఉండగా, మాజీ ఎమ్మెల్యే దిలారామ్ శబాబ్ లాంటి పెద్దలు, ఊళ్లవాళ్లు హైకోర్టు దాకా వెళ్లి ఆపారు. వాళ్ల వాదనలో ట్రౌట్ కూడా ఒక సాక్షి. ఇవాళ తీర్థన్ ఒడ్డున బస పెట్టుకుని బతికే కుటుంబాలు ఆ తీర్పు ఫలితమే తింటున్నాయి. వరదలు తీర్థన్‌కూ వస్తాయి. అయితే వరద తెచ్చిన రాయి, చెట్టు, మడుగు అక్కడ నదికే మిగిలే అవకాశం ఉంది.

బియాస్‌కు ఆ అవకాశం తగ్గిపోతోంది. ప్రతి వరద తర్వాతా నదిని తవ్వాలి, గోడలు కట్టాలి, తిన్నగా మళ్లించాలి అన్న మాట లేస్తుంది. పల్చాన్ నుంచి ఔట్ దాకా నదిని కాలువలా కట్టేయాలన్న ప్రతిపాదన ఎన్నాళ్ల నుంచో ఉన్నదే. ఊళ్ల దగ్గర గోడ అవసరమే కావచ్చు. కానీ పని జరిగేది ఎప్పుడో గమనించండి. వానలు వెళ్లి, నీరు తీసి, యంత్రం దిగడానికి వీలయ్యేది అక్టోబరులో. ఆగేది మళ్లీ మంచు కరిగే ముందు. హిమాచల్‌లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా ట్రౌట్ నీళ్లలో గాలం వేయడం నిషేధం, ఎందుకంటే చేప గుడ్ల మీద ఉంటుంది. ఒక మనిషి ఒక చేపను పడితే నేరమైన ఆ నాలుగు నెలల్లోనే, పొక్లెయిన్ వేల గుడ్లున్న కంకరను లారీకెత్తితే అది అభివృద్ధి పని అవుతుంది.

ఈ తేడాను సరిచేయడానికి కోట్లు అక్కర్లేదు. బియాస్‌లోకి, దాని ఉపనదుల్లోకి యంత్రం దించే ప్రతి అనుమతి కాగితం మీద మత్స్యశాఖ సంతకం కూడా తప్పనిసరి చేయాలి. ప్రాణాలు కాపాడే పనిని మినహాయించి, గాలానికి నిషేధం ఉన్న నాలుగు నెలలూ ఆ సంతకం పడకూడదు.